గాలాడని రేకులు

ఓడ జెట్టీకి ఆనేసరికి ఉదయం ఆరుంపావు. జనవరి నెల. మా తండాలో ఆ వేళకు గొంగడి వదలబుద్ధి కాదు. ఇక్కడ ఓడ మెట్లు దిగేలోపే చొక్కా వీపుకు అంటుకుపోయింది. కిట్ బ్యాగు, పరుపు చుట్ట, ఇనుప పెట్టె, అన్నీ కలిపి నలభై కిలోలు. జెట్టీ నుంచి క్యాంపుకు ఆరు వందల గజాలు. అది నడిచేసరికి బెల్టు బకిల్ మీద తడి చేరింది. తుడిచాను. మళ్లీ చేరింది.

దీవి పేరు రాయను. బంగాళాఖాతంలో ఉంది, అంతవరకు చాలు. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు అడవి. బ్యారక్ గోడలకు పచ్చటి బూజు. అగ్గిపుల్ల గీస్తే మందు రాలిపోయేది గాని మంట వచ్చేది కాదు. బిస్కెట్ పొద్దున విప్పితే సాయంత్రానికి వంగేది.

ఇప్పుడు నేను భూపాలపల్లి వైపు షెడ్లు వేసేవాళ్ల దగ్గర పని చూస్తున్నాను. రిటైరైన సిపాయి అనగానే జనానికి తుపాకీ గుర్తొస్తుంది. చిట్యాలలో చాయ్ హోటల్ ముందు కూర్చున్నా వదలరు. "ఎంతమందిని గాల్చినవే?" అని అడుగుతారు. నేను ఇంజనీర్ పటాలం మనిషిని. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నా చేతిలో ఎక్కువసేపు ఉన్నది పానా. ఆ దీవిలో ఉన్న ఆరు నెలల్లో శత్రువన్నవాడు ఒక్కడూ కనబడలేదు. అయినా నా సర్వీసంతటిలో నేను వణికిందీ, సిగ్గుతో చచ్చిందీ అక్కడే. అడిగిన ప్రతివాడికీ చాయ్ తాగేలోపు చెప్పలేక ఇప్పుడు రాస్తున్నాను.

ఉదయం ఎనిమిదికి ఫాలిన్, అంటే వరుసలో నిలబడడం. ఇరవై మందిమి. సుబేదార్ సాబ్ సేలం వైపు తమిళుడు. మాతో హిందీలో మాట్లాడేవారు, కోపం వస్తే తమిళంలోకి దిగేవారు. ఆ రోజు హుకుం హిందీలోనే చదివారు. అరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు, చూరు దగ్గర ఏడు మీటర్ల ఎత్తు. పడవ ఇంజన్లు బాగుచేసే ఉక్కు షెడ్డు. ముక్కలన్నీ ఫ్యాక్టరీలోనే కోసి, బెజ్జాలు పెట్టి, నంబర్లు వేసి పంపిస్తారు. మేం నిలబెట్టాలి, బోల్టులు బిగించాలి, రేకులు కప్పాలి.

"మే నెల మధ్యకు వానలు దిగుతాయి. దిగితే నాలుగు నెలలు ఆగవు. ఏప్రిల్ ఆఖరుకు కప్పు మూసేయాలి. ప్రశ్నలున్నాయా?"

ఎవరికీ లేవు.

నా పేరు చివర నాయక్ ఉంది, అప్పటికి నా ర్యాంకు కూడా నాయకే. రేకుల పేర్పు, కప్పు మీద పని చేసే జట్టు నా చేతికి వచ్చాయి. సామానుకు రాతకోతలు చూడడానికి ఒక స్టోరు సాపర్‌ను ఇచ్చారు. సాపర్ అంటే ఇంజనీర్ పటాలంలో మామూలు సిపాయి. అతనిది కాకినాడ అవతల సముద్రం ఒడ్డు పల్లె. చేపలు పట్టేవాళ్ల ఇల్లు. సన్నటి మనిషి. మాట చివర 'అండి' తగిలించకుండా ఆపేవాడు కాదు.

అది ఎలాంటి చలికాలమో చెప్పాలి. తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. రెండు వారాలు తిరక్కుండా వెనక్కి పోయింది. నేను ఓడ ఎక్కేనాటికి మా వైపు కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. నా తమ్ముడు మహబూబాబాదులో డిగ్రీ చదువుతున్నాడు. ఆ ఊరిని మేం మానుకోట అంటాం. వాడు పుస్తకం ముట్టి నెల దాటింది. నాకూ లోపల కుతకుతలాడుతూనే ఉంది. నర్సింహులపేట దగ్గర తండాలో పుట్టినవాణ్ని. మాకు ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. ఆ రెండో భాష కష్టపడి నేర్చుకుంటే, సినిమాల్లో దాన్ని కూడా వెక్కిరించేవాళ్లు.

మొదటి రోజు మధ్యాహ్నం లంగర్‌లో, అంటే మా పటాలం వంటశాలలో, కూర నోట్లో పెట్టుకుని "గీ కూరల ఉప్పే లేదు" అన్నాను. ఎదురుగా కూర్చున్న స్టోరు సాపర్ నవ్వాడు. ఆ నవ్వు నా మాటకో, వంటవాడి మొహానికో నేను అడగలేదు. నా యాసకే నవ్వాడని తీర్మానం చేసుకుని మనసులో మూటగట్టుకున్నాను. సైన్యం పదకొండేళ్లు నాకు చాలా నేర్పింది గాని అది విప్పడం నేర్పలేదు.

ఉక్కు దించడానికి మూడు రోజులు పట్టింది. ఇరవై రెండు స్తంభాలు, వాటి మీద వాలుగా కూర్చునే దూలాలు, వాటికి అడ్డంగా పట్టీలు. బోల్టులు పీపాల్లో, గ్రీజులో ముంచి వచ్చాయి. కప్పుకు రెండు వందల నలభై రేకులు. జింకు పూత, వెండిలా తళతళ. నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి చినుకులు మొదలయ్యాయి. రేకులను ఆరు దొంతులు చేయించాను. కింద చెక్కలు, పైన రేకు మీద రేకు బల్లపరుపుగా. దొంతి చుట్టూ టార్పాలిన్ నేల దాకా దించి, తాళ్లతో బిగించి, అంచుల మీద రాళ్లు పెట్టించాను. చీమ దూరే సందు లేదు. చూసి నాకే ముచ్చటేసింది.

ఎందుకంటే అది నాకు తెలిసిన పని. పటాలంలో చేరకముందు జనగామలో ఒక జిన్నింగ్ మిల్లులో రెండేళ్లు కూలి చేశాను. మిల్లు వెనక మిగిలిపోయిన రేకులు అలాగే కప్పి ఉండేవి. పదేళ్ల నుంచి ఉన్నాయన్నారు. చుక్క తుప్పు లేదు. తండాలో మా బాపు కళ్లంలో మిర్చి కుప్ప మీద పరదా కప్పినా అంతే, చుట్టూ బిగించి రాళ్లు పెడతాడు. మా నేల మీద తడి అంటే పైనుంచి పడేదే. అది ఆపితే చాలు.

స్టోరు సాపర్ రిజిస్టర్ చంకలో పెట్టుకుని వచ్చాడు. దొంతి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నాయక్ గారండీ, ఒక్క మాటండి. ఇలా బిగించేస్తే రేకులకి చెమట పట్టేస్తాదండి. ఒక పక్క ఎత్తు చేసి, రేక్కీ రేక్కీ మధ్యన పుల్లలెడదామండి. కింద కాస్త వదిలేద్దామండి. గాలాడాలండి."

"రేకులకు చెమట పడ్తదా?" అన్నాను. దొంతి కడుతున్న ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నాకు హాయిగా ఉంది.

"మా ఊళ్లో అంతేనండి. ఉప్పుగాలండి ఇది. లోపలికెళ్లింది బయటికి రాదండి."

"మాకు తెల్వదా రేకులు కప్పుడు? జనగామల పదేండ్ల సంది గిట్లనే ఉన్నయ్. మీరు సెప్తెనే మాకు తెలుస్తదా అన్నీ? నువ్వు నీ రిజిస్టర్ రాస్కో పో."

"సరేనండి" అని వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే, అదే మాట ఒక తమిళ సాపర్ చెప్పి ఉంటే ఆగి ఆలోచించేవాణ్ని. చెప్పింది ఆంధ్రోడు కాబట్టి వినలేదు. ఇంతకంటే మర్యాదగా ఈ సంగతి రాయడం నాకు చేతకాదు.

ఫిబ్రవరి, మార్చి స్తంభాలకు, దూలాలకు సరిపోయాయి. ఉదయం అయిదుకు మొదలు, పదకొండుకు ఆపు. ఉక్కు ఆ తర్వాత చేతికి కాలుతుంది. మళ్లీ మూడు నుంచి ఆరున్నర. చేతి తొడుగులు రోజుకు రెండు జతలు చెమటకు నానిపోయేవి. బూట్లు విప్పి రాత్రి బయట పెడితే తెల్లారి బూజు. స్టోరు సాపర్‌కు ఇంకో పని కూడా ఉండేది. నిలబెట్టిన ఉక్కును వారానికోసారి మంచినీళ్లతో కడిగించేవాడు. వాన పడే వైపు కాదు, దూలాల అడుగు వైపు.

"వానొచ్చి కడిగేసిన చోట భయం లేదండి. వాన తగల్ని చోటే ఉప్పు నిలబడిపోతాదండి. ముందు అక్కడే తినేస్తాదండి" అని జట్టుకు చెబుతుంటే విన్నాను. విననట్టు పానా తిప్పుకున్నాను.

ఆదివారం ఫోన్. జెట్టీ పక్క గదిలో ఒకే ఒక్క టెలిఫోన్, మనిషికి అయిదు నిమిషాలు. తమ్ముడు అరిచినట్టు మాట్లాడేవాడు.

"అన్నా, ఈడ రైళ్లు బంద్ వెట్టినం. పట్టాల మీదనే పొయ్యి వెట్టి వండుకుంటున్నం. బాపు గూడ వచ్చిండు."

"బాపును ఎందుకు తెచ్చినవురా? దెబ్బలు తగుల్తయి."

"నేను తేలే, ఆయనే వచ్చిండు. నీ పటాలంల ఆంధ్రోళ్లు ఉన్నరా? జర పైలం అన్నా, నమ్మకు."

బయటికి వస్తే వరుసలో తర్వాతివాడు స్టోరు సాపర్. లోపలికి వెళ్లి అయిదు నిమిషాలూ గుసగుసగా మాట్లాడేవాడు. అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. మే మొదటి వారం అన్నారు డాక్టర్లు. ఇది రెండో కాన్పు. మొదటి కాన్పప్పుడు అతను రాజస్థాన్ ఇసుకలో ఉన్నాడు. బిడ్డ దక్కలేదు. అతను ఊరు చేరేసరికి అయిదు రోజులు. ఈసారి నేను పక్కన ఉంటానని ఆమెకు మాటిచ్చాడు. సుబేదార్ సాబ్ సెలవు కాగితం మీద సంతకం కూడా చేశారు. నెలకు రెండే ఓడలు. ఏప్రిల్ ఇరవై ఎనిమిది ఓడ అతనిది. స్టోరు గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి రోజూ ఒకటి కొట్టేసేవాడు. క్యాంపులో అందరికీ ఆ గోడ తెలుసు.

ఏప్రిల్ తొమ్మిది ఉదయం ఆరుకు టార్పాలిన్లు విప్పాం.

మొదటి దొంతి తాడు నేనే కోశాను. లోపలి నుంచి వేడి ఆవిరి మొహానికి కొట్టింది. పై రేకు అంచుల వెంట తెల్లటి పొడి. వేలితో గీకితే సున్నంలా ఊడింది. రెండో రేకు ఎత్తబోతే రాలేదు. కింది రేకుకు అతుక్కుపోయింది. గునపం పెట్టి లేపాం. మధ్యలో రేకంతా తెల్లటి మచ్చలు, కొన్నిచోట్ల పూత తినేసి నల్లగా గుంటలు. ఆరు దొంతులూ విప్పేసరికి పది దాటింది. తొంభై నాలుగు రేకులు పాడయ్యాయి. చినుకు ఒక్కటి కూడా లోపలికి పోలేదు. పగటి వేడికి లోపలి గాలి చెమర్చి, రాత్రి చల్లబడి, ఉప్పుతడి రేకుల మధ్య మూడు నెలలు నిలిచిపోయింది. స్టోరు సాపర్ చెప్పింది చెప్పినట్టు జరిగింది.

సుబేదార్ సాబ్ వచ్చారు. ఒక రేకు తిప్పి చూశారు. తమిళంలో రెండు మాటలన్నారు. తర్వాత హిందీలో అడిగారు.

"స్టోరు ఎవరిది?"

"నాదేనండి... నాది సాబ్." స్టోరు సాపర్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. "సాబ్, గాలి ఆడేలా పెట్టాలని ఆ రోజే చెప్పాను సాబ్."

"ఎవరికి?"

అతను నా వైపు చూడలేదు. "నాయక్ గారికి సాబ్."

సుబేదార్ సాబ్ నా వైపు తిరిగారు. "చెప్పాడా?"

నా హవల్దార్ ప్రమోషన్ కాగితాలు ఫిబ్రవరిలోనే పైకి వెళ్లాయి. పద్దెనిమిది మంది చుట్టూ నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముందు, ఆ ఆంధ్ర పిల్లగాడి ముందు, నాకు తెలియలేదని ఒప్పుకోవాలి. నా నోరు నాకంటే ముందు కదిలింది.

"యాద్ లేదు సాబ్."

ఆ రోజు దొంతి కడుతూ నవ్విన ఇద్దరూ నేల చూశారు. వాళ్లకు తెలుగు అర్థం కాదు, నేను వెక్కిరించిన తీరు చూసి నవ్వారంతే. సాక్ష్యం లేదు. సుబేదార్ సాబ్ అక్కడికక్కడే తేల్చేశారు.

"రేకులన్నీ శుభ్రమై, కప్పు మూతపడేదాకా స్టోరు సాపర్ దీవి దాటడు. సెలవు రద్దు."

"సాబ్" అన్నాడు స్టోరు సాపర్. 

ఆ రోజు నుంచి లెక్క ఇది. రేకును మంచినీళ్లతో తడపాలి. నైలాన్ బ్రష్‌తో రుద్దాలి. ఇనుప బ్రష్ వాడితే మిగిలిన పూత కూడా పోతుంది. మళ్లీ కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో ఏటవాలుగా నిలబెట్టి, గుంటలు పడ్డ చోట జింకు రంగు వేయాలి. ఒక్కో రేకుకు ఇద్దరు మనుషులు, నలభై నిమిషాలు. మంచినీళ్లు దీవిలో కొలిచి ఇచ్చేవారు. స్నానాలు మానేశాం. ఒంటి మీద ఉప్పు కట్టి చంకలు, తొడలు ఒరుసుకుపోయాయి.

నేను స్టోరు సాపర్‌తోనే ఒకే రేకు పట్టాను. ఎందుకంటే నా మనసులో ఒక ఉపాయం తిరుగుతోంది. ఇరవై ఏడుకల్లా కప్పు మూసేస్తే సుబేదార్ సాబ్ మాట ప్రకారం అతను ఇరవై ఎనిమిది ఓడ ఎక్కుతాడు. అప్పుడు నేను నోరు విప్పాల్సిన పనే ఉండదు. తప్పు ఒప్పుకోకుండానే తప్పు దిద్దేయొచ్చు. అందుకే అందరికంటే ముందు లేచి, అందరికంటే వెనక పడుకున్నాను. జట్టు వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా మింగాను.

మూడో రోజు రేకు అటు చివర రుద్దుతూ, తల ఎత్తకుండా అతను అడిగాడు.

"మీకు నిజంగా గుర్తు లేదాండి?"

అతని బ్రష్ ఆగింది. నాది కూడా ఆగింది.

"పని చెయ్ ముందుగాల" అన్నాను.

మళ్లీ రుద్దాడు. ఆ తర్వాత రెండు వారాల్లో పనికి సంబంధించినవి తప్ప నాతో మాటలేదు. ఫోన్ గదికి కూడా వెళ్లడం మానేశాడు. ఆమెకు ఏం చెప్పాలో తెలియక మానేశాడని రేడియో ఆపరేటర్ నాతో అన్నాడు. ఆపరేటర్ కేరళ మనిషి, అందరి కబుర్లూ అతని గదిలోంచే వెళ్లాలి, రావాలి. "పాపం, గోడ మీద గీతలు తుడిచేశాడు" అని కూడా అన్నాడు. ఆ రాత్రి చెప్పేద్దామని లేచాను. సుబేదార్ సాబ్ గుడారం దాకా వెళ్లి, ఉదయం చూద్దామని తిరిగి వచ్చాను. అలాంటి ఉదయాలు తొమ్మిది గడిచాయి.

ఏప్రిల్ ఇరవై ఐదు సాయంత్రం ఓడ వచ్చి జెట్టీలో కట్టింది. తెల్లటి ఓడ. షెడ్డు పది ఖానాల్లో ఎనిమిది మూతపడ్డాయి. ఖానా అంటే రెండు దూలాల మధ్య ఆరు మీటర్ల ఖాళీ, ఒక్కోదానికి ఇరవై నాలుగు రేకులు. ఇంకా రెండు మిగిలాయి. రెండు రోజుల పని. సరిగ్గా సరిపోతుంది.  కప్పు పూర్తయినా కాకున్నా ఇరవై ఆరు సాయంత్రం చెప్పేయాలని ఈసారి నిజంగానే అనుకున్నాను. ఓడ ఇరవై ఎనిమిదిన కదా, రోజున్నర ముందు చెబితే చాలు.

ఇరవై ఆరు ఉదయం అయిదుకు మొదలుపెట్టాం. గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టు ఉంది. స్టోరు సాపర్ తొమ్మిదికి పైకెక్కాడు. మనుషులు చాలక అతన్ని కూడా కప్పు మీదికి తీసుకున్నాం. నేను షెడ్డు లోపల చివరి రేకులు కొలిచి కోయిస్తున్నాను. కోత మిషన్ రొదలో ఇంకేదీ వినబడదు. పది దాటాక దక్షిణం నుంచి గాలి మొదలైంది. పదకొండుకు టార్పాలిన్ ముక్కలు ఎగురుతున్నాయి. పదకొండుంపావుకు మిషన్ ఆపించి పైకెక్కాను.

పైన అతనొక్కడే ఉన్నాడు. మిగతా ముగ్గురినీ గాలికి దించేశారు. తొమ్మిదో ఖానా రేకులు పరిచారు గాని స్క్రూలు సగమే పడ్డాయి. పదో ఖానా నోరు తెరుచుకుని ఉంది. గాలి ఆ నోట్లోంచి లోపలికి దూరి కప్పును కింది నుంచి ఎత్తుతోంది. స్క్రూలు పడని రేకు ఒక్కటి లేచిందంటే వెనకవి వరసగా లేస్తాయి. మూడు నెలల పని, తొమ్మిది ఖానాలూ పోతాయి. కింద పద్దెనిమిది మంది. ఎగిరిన రేకు మనిషి మీద పడితే చెప్పేదేముంది. మా కాళ్ల కింద రేకు ఊపిరి తీసినట్టు లేచి దిగుతోంది.

నా ఛాతీ మీద వైర్‌లెస్‌లో సుబేదార్ సాబ్ పలికారు. రూఫ్ అంటే నేను, గ్రౌండ్ అంటే ఆయన.

"రూఫ్, గ్రౌండ్. తుఫాను కబురు. గాలి గంటకు అరవై కిలోమీటర్లు దాటింది. పది నిమిషాలు ఇస్తున్నాను, ఖాళీగా ఉన్న స్క్రూలు వేసి దిగండి. ఓవర్."

"గ్రౌండ్, రూఫ్. సరే సాబ్. ఓవర్."

"రూఫ్, ఇంకో మాట. స్టోరు సాపర్‌ను ముందు దించు. వాడి నిర్లక్ష్యం వల్లే ఈ రోజు మీరు ఆ గాలిలో ఉన్నారు. ఎవడికైనా ఏమైనా అయితే అది వాడి మెడకే చుట్టుకుంటుంది. వాడికి చెప్పు. ఓవర్."

చెప్పనక్కర్లేదు. అతను మూడు అడుగుల దూరంలో ఉన్నాడు, విన్నాడు. మొహంలో ఏమీ మారలేదు. సేఫ్టీ తాడు కొక్కెం విప్పబోయాడు. ఆ విప్పబోయిన తీరు, సరే అన్నట్టు, ఇదీ నాదే అన్నట్టు.  బటన్ నొక్కాను.

"గ్రౌండ్, రూఫ్. రేకులు బిగించి కప్పమన్నది నేను సాబ్. గాలాడాలని అతను చెప్పాడు. నాకు ఆ రోజూ గుర్తుంది, ఇప్పుడూ గుర్తుంది. అబద్ధం చెప్పాను. అతన్ని ఓడ ఎక్కించండి సాబ్. ఓవర్."

 క్యాంపులో ప్రతి సెట్టూ విని ఉంటుంది. తర్వాత సుబేదార్ సాబ్ గొంతు వచ్చింది, కోపం లేకుండా.

"రూఫ్. తుఫాను కబురుకు ఓడ ముందే బయల్దేరింది. పదకొండుకు వెళ్లిపోయింది. ఓవర్."

"ఇరవై ఎనిమిది కదా సాబ్" అన్నాను. ఓవర్ అనడం మరిచాను.

"పని ముగించి దిగు. అవుట్."

స్టోరు సాపర్ కొక్కెం మీంచి చెయ్యి తీసేశాడు. తల దించుకుని తన వరసలో స్క్రూలు వేయడం మొదలుపెట్టాడు. దిగమన్న మాట అతను పట్టించుకోలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఇద్దరం మోకాళ్ల మీద పాకుతూ పట్టీ వెంట పోయాం. డ్రిల్ మిషన్లు పెట్టుకుని ఒక్కో స్క్రూ. రబ్బరు వాషర్ కొద్దిగా ఉబ్బేదాకా, అంతకంటే ఎక్కువ కాదు. ఆ గాలిలో కూడా అతను ఒక్కటీ తప్పుగా వేయలేదు. చివరి వరస అందక నేను నా కొక్కెం విప్పి ముందుకు జరిగాను. అలా ఎప్పుడూ చేయకూడదని నేనే జట్టుకు వందసార్లు చెప్పాను. సరిగ్గా అప్పుడే పెద్ద విసురు వచ్చింది. రేకు అంచు లేచి నా భుజానికి కొట్టింది. బూట్లు జారాయి. కింద ఏడు మీటర్లు, సిమెంటు నేల.

నడుం దగ్గర బెల్టు ఒక్కసారి బిగిసింది. వెనక నుంచి అతను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కదలకండి" అన్నాడు. "వెనక్కి రండి. నెమ్మదిగాండి. కొక్కెం తగిలించండి."

తగిలించాను. ఇంకా పద్నాలుగు స్క్రూలున్నాయి. వేశాం. పది నిమిషాలన్నది గంటైంది, పన్నెండుంపావుకు నేల మీద కాలు పెట్టాం. తుఫాను మర్నాటి తెల్లవారుజాము దాకా కొట్టింది. పదో ఖానా పట్టీలు రెండు వంగాయి. తొమ్మిది ఖానాల కప్పులో ఒక్క రేకు లేవలేదు.

మే మూడున కబురు వచ్చింది. రేడియో ఆపరేటర్ కాగితం పట్టుకుని షెడ్డు దాకా పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆడపిల్ల. కాన్పు కష్టమైంది, కోసి తీశారు, రక్తం ఎక్కించారు. దవాఖానలో సంతకానికి మనిషి లేక మామగారి కోసం రెండు గంటలు ఆగారు. తల్లీ బిడ్డా బతికారు. స్టోరు సాపర్ ఆ కాగితం చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, పీపాల వెనక్కి వెళ్లాడు. ఏడుస్తున్న చప్పుడు వినబడింది. సంతోషమో, ఆ రెండు గంటల బాధో తెలియదు. వెళ్లి పక్కన కూర్చునే అర్హత నాకు లేదు.

నా చేతి పట్టీ ఒకటి ఊడింది. నాయక్ నుంచి లాన్స్ నాయక్. ఆ పట్టీ తిరిగి కుట్టుకోవడానికి మూడేళ్లు పట్టింది, హవల్దార్ కాకుండానే రిటైరయ్యాను. దానికి నాకు బాధ లేదు. అది చవగ్గా కుదిరిన శిక్ష.

మే నెల మొదటి ఓడ వానలకు రాలేదు, తర్వాతిది ఇరవై ఆరున దొరికింది. జెట్టీ మీద అతని ఇనుప పెట్టె నేను మోశాను. వద్దనలేదు. మెట్ల దగ్గర పెట్టి, "మాఫ్ చెయ్యి తమ్మీ" అన్నాను. 

"చెప్పారు కదండి నాయక్ గారూ. అందరూ వినేలా చెప్పారు. ఎవరు చెబుతారండి అలాగ." పెట్టె ఎత్తుకున్నాడు. "కాపోతే రెండ్రోజులు ముందు చెప్పాల్సిందండి. అంతేనండి."

నా డ్యూటీ జూలైలో ముగిసింది. రైలు డోర్నకల్ జంక్షన్‌లో ఆగిపోయింది. ముందు పట్టాల మీద జనం. జెండాలు, డప్పులు, మూడు రాళ్ల పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. రైల్వే వాళ్లు కూడా ప్లాట్‌ఫారం మీద కూర్చుని అదే అన్నం తింటున్నారు. తమ్ముడు నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు. పెట్టె లాక్కుని, నన్ను పట్టాల మధ్యకు తీసుకెళ్లి నిలబెట్టాడు. ఎవరో మెడలో దండ వేశారు. జై తెలంగాణ అన్నాను. కడుపులోంచి అన్నాను. ఆ మాట మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు, ఇప్పటికీ లేదు.

ఒక పెద్దమనిషి అడిగాడు. "పటాలంల ఆంధ్రోళ్లతోని ఎట్ల ఏగినవ్ బిడ్డా? జర చెప్పు, అందరు ఇంటరు."

రెండొందల మంది నా నోటి వైపు చూశారు. వాళ్లకు కావలసిన జవాబు ఏమిటో నాకు తెలుసు. అది చెబితే చప్పట్లు కూడా వస్తాయి.

"నేనే అతన్ని ఆగం జేసిన పెద్దయ్యా" అన్నాను. "నా తప్పు అతని మీదికి నెట్టిన. అయినా నన్ను సావకుండ పట్టుకున్నడు." అంతా చెప్పాను, ఇక్కడ రాసినంత పొడుగ్గా కాదు. డప్పులు ఆగాయి. పెద్దమనిషి తువ్వాలతో మొహం తుడుచుకుని పక్కకు జరిగి, నాకు కూర్చోవడానికి చోటిచ్చాడు. ఒక అవ్వ ఇస్తరాకులో అన్నం పెట్టింది.

తమ్ముడు మాత్రం చెవి దగ్గర పళ్లు కొరికాడు. "గిప్పుడే చెప్పాల్నా అన్నా గిది?"

"గప్పుడు చెప్పకనే గింతదాక వచ్చింది" అన్నాను.

రాష్ట్రం వచ్చింది. తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. పట్టాల మీద తానన్న ఆ మాటకు వాడు ఇప్పుడు నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

కప్పు మీద వైర్‌లెస్ ఆగాక అతను తల దించుకుని పనిలో పడ్డాడని పైన రాశాను. మధ్యలో కొన్ని క్షణాలు వదిలేశాను. కింద ఉన్నవాళ్లెవరికీ కనబడనిది, అంత ఎత్తున ఉన్న మా ఇద్దరికే కనబడింది. ఉత్తరం వైపు ఇంకా ఎండ ఉంది. ఆ ఎండలో ఓడ కనిపిస్తూనే ఉంది. బొటనవేలి గోరంత, తెల్లగా. తొమ్మిది నుంచి కప్పు మీద ఉన్న అతను అది తాడు విప్పుకుని పోవడం మొదటి నుంచీ చూశాడు. నా మాట విన్నాక ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత మెడ తిప్పి ఓడ వైపు చూశాడు. గాలికి చొక్కా టపటప కొట్టుకుంటోంది. తర్వాత దానికి వీపు తిప్పి, మోచేత్తో కళ్లు తుడుచుకుని, నా ముందు అరచెయ్యి చాచాడు.

"స్క్రూలివ్వండి."

గుప్పెడు తీసి అతని చేతిలో పోశాను. రెండు పక్కకు పడ్డాయి. వాలు రేకు మీద చూరు దాకా దొర్లుకుంటూ పోయి, అక్కణ్నుంచి కింద పడ్డాయి.